టీ తర్వాత పాఠం

1

తుమ్ములు: మోస్తరు. హాజరు: అందరూ. ఛార్జి: సగానికి కాస్త పైన.

తరగతి పెద్ద రోజూ ఈ మూడు ముక్కలూ రాసి ఊరుకోవాలి, అది నియమం. నాకు ముందు ఈ పని చేసిన పెద్దాయన అలాగే రాసి వెళ్లిపోయాడు. పేజీలకు పేజీలు తుమ్ములూ హాజరూ తప్ప, ఆయనకు ఎప్పుడైనా ఎవరి మీదైనా ఒళ్లు మండిందో లేదో ఎక్కడా కనపడదు. నాకు రోజూ మండుతుంది. కాబట్టి రాస్తాను. నాకు, ఈ కోటిరత్నానికి, పని అప్పజెప్పేటప్పుడే వాళ్లు ఆలోచించుకోవాల్సింది.

ఈరోజు పిల్లలు ఐదో పాఠం అప్పజెప్పారు. "బ్రాకెట్ తెరిచాం, బటన్‌కి పేరు పెట్టాం, నొక్కితే ఏం కావాలో చెప్పాం, బ్రాకెట్ మూశాం" అంటూ ఎక్కాల రాగంలో. సగం పాఠం కాగానే టీ వంతు పిల్ల లేచి నిలబడి "ఏవండీ, టీ!" అని గట్టిగా అరిచింది. అందరం గ్లాసులెత్తి తాగాం. పాఠం మధ్యలో టీ తాగకపోతే యాప్ పనిచెయ్యదని చిన్నపిల్లల నమ్మకం. పెద్దవాళ్లం నవ్వుతాం గానీ, తాగకుండా చేసి చూసే ధైర్యం మాకూ లేదు.

మాస్టారు అలా తాగేవాడు మరి. మాకు మిగిలిన నలభై వీడియోల్లో ఎక్కడా ఆయన ముఖం ఉండదు. ఒక ఫోను తెర, దాని మీద కదిలే రెండు చేతులు, చొక్కా చేతుల అంచు, వెనక ఫ్యాను చప్పుడు. సగంలో లోపలి నుంచి ఒక ఆడగొంతు "ఏవండీ, టీ!" అంటుంది. ఆయన "వస్తున్నానే" అని లేచి వెళ్తాడు. ఆ ఇల్లాలిని మేం టీ అత్తమ్మ అంటాం. మా నీళ్ల మోటారు యాప్, తలుపుల యాప్, ఛార్జింగు వంతుల యాప్, అన్నీ ఆ చేతులు పెట్టిన భిక్షే.

తరగతి అయ్యేసరికి మా చెల్లెలు తాయారు పైకప్పు మీద సోలార్ పలకలు తుడిచి దిగి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే దాని కాళ్లు మాట్లాడాయి.

"ప్రియమైన వినియోగదారులకు నమస్కారం. మీ పరుగు సదుపాయం గడువు నేటితో ముగిసింది. పునరుద్ధరణ కోసం మీ సమీప సేవాకేంద్రాన్ని సంప్రదించండి."

తాయారు కాళ్లకేసి చూసుకుంది. "పరిగెత్తి నేనెక్కడికి పోవాల్లే" అంది.

పిల్లలు పడీ పడీ నవ్వారు. సమీప సేవాకేంద్రం బాపట్లలో ఉండేదట. ఇప్పుడు బాపట్ల ఉన్నచోట సముద్రం ఉంది.

2

తుమ్ములు: మోస్తరు. హాజరు: ఇద్దరు తక్కువ. ఛార్జి: సగం.

నిన్న నవ్వినందుకు ఈరోజు సిగ్గుగా ఉంది. పొద్దున కాళ్లు మళ్లీ నమస్కారం పెట్టి, గెంతడం పోయిందన్నాయి. భోజనాలయ్యాక గొంతుకూర్చోవడం పోయింది.

తాయారు చిన్నప్పుడు మిర్చి బస్తాల ఇనుప అరలు కూలి దాని మీద పడ్డాయి. అప్పటికింకా కంపెనీ ఉంది. ఏదో పథకం కింద ఉచితంగా కాళ్లు పెట్టి పంపించారు. ఎముకకు అతికిన కాళ్లు, విప్పి పక్కన పెట్టేవి కావు. ఏటా ఒకసారి అవి కంపెనీని పలకరించేవి, కంపెనీ "ఊఁ" అనేది, అంతే. ఇప్పుడు ఊకొట్టే నాథుడు లేడు. పిలిచి పిలిచి విసిగిపోయి, ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నాయి.

"నడక మిగులుద్దా?" అని అడిగింది.

"ఎందుకు మిగలదూ? నడకే తీసేస్తే ఇక అవి కాళ్లెందుకవుతాయి?" అన్నాను. నాకేం తెలుసని అన్నానో.

3

తుమ్ములు: ఎక్కువ. హాజరు: సగం. ఛార్జి: తగ్గుతోంది.

మెట్ల సదుపాయం పోయింది. పోయేటప్పటికి తాయారు మూడో మెట్టు మీద ఉంది, చేతిలో బకెట్టు, భుజాన తుడుపుకర్ర. కాళ్లు ఆగిపోయి నమస్కారం పెట్టాయి. నలుగురం పట్టుకుని దించాం. దించేదాకా అది బకెట్టు వదల్లేదు.

పలకలు తుడవడానికి ఇన్నయ్యా, వాడి తమ్ముడూ ఎక్కారు. ఇన్నయ్య మా తరగతి మొత్తంలో చేతి నేర్పు ఉన్నవాడు. మాస్టారి పాఠం ఏదైనా కళ్లు మూసుకుని చేస్తాడు. కానీ పలక తుడవడం పాఠం కాదు. దుమ్ము ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నెట్టి దిగి వచ్చారు. సాయంత్రానికి గోడలు వేడెక్కాయి, ఎన్నడో ఎత్తుకుపోయిన బస్తాల ఘాటు పగుళ్లలోంచి లేచింది. మేముండేది మిర్చి కోల్డ్ స్టోరేజీ, పలకలు మెరిస్తే మాకు చలువ, మసకబారితే తుమ్ములు. పసిపిల్లలు ఏడుస్తూ తుమ్ముతుంటే ఎవరూ పైకి అనలేదు గానీ అందరూ తాయారు వంకే చూశారు. నాకు వాళ్ల మీద వచ్చిన కోపమంతా తరగతిలో పిల్లల మీద తీర్చుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

తాయారు గోడకానుకుని కూర్చుని, తుడుపుకర్రకు కొత్త గుడ్డ కడుతోంది.

"ఎవరికోసమే అది?" అన్నాను.

"పలకలకి. మనుషులు మారినా గుడ్డ మంచిదుండాలి గదా" అంది. కళ్లెత్తలేదు.

4

తుమ్ములు: ఎక్కువ. హాజరు: లెక్కపెట్టలేదు. ఛార్జి: తక్కువ.

సభ జరిగింది. నలభయ్యో పాఠం చేద్దామని ఇన్నయ్య లేచాడు.

నలభయ్యోది తాళం పాఠం. మూసుకుపోయిన పరికరాన్ని తెరవడం ఎలాగో మాస్టారు అందులో చూపిస్తాడు. ఫోనుకైనా, మోటారుకైనా, కాళ్లకైనా ఒకే పద్ధతి అంటాడు మొదట్లోనే. కానీ ఆ వీడియో సగమే ఉంది. టీ అత్తమ్మ పిలుస్తుంది, ఆయన లేస్తాడు, తెర నల్లబడుతుంది. మిగతా ముప్పైతొమ్మిదింటికీ సారం ఉంది. అంటే, వీడియో నడిపితే ఛార్జి దండగని మా పూర్వీకులు ఒక్కో పాఠాన్నీ చూసి, చివరికి తేలినదాన్ని పద్యంలా కట్టిపెట్టారు. మేం నేర్చుకునేదీ నేర్పేదీ సారమే. అసలు వీడియోలు చూసి ఎన్నేళ్లయిందో. నలభయ్యోదానికి మాత్రం సారం కట్టలేదు. దాన్ని ఎవరూ చెయ్యకూడదని కట్టుబాటు.

ఆ కట్టుబాటు కాపాడేది బాజీ బాబాయి. ఛార్జింగు వంతులు చూసే మనిషి, మాలో పెద్ద.

"సగం పాఠం పూర్తి అజ్ఞానం కన్నా చెడ్డది, అమ్మాయ్" అన్నాడు నాతో.

"పోయింది ముగింపే గదా బాబాయ్" అన్నాడు ఇన్నయ్య. "పని మొత్తం టీకి ముందే చేసి చూపించాడు. టీ తర్వాత ఏం చెప్తాడు? జాగ్రత్తలు చెప్తాడు, సెలవంటాడు. ఆ రెండు ముక్కలు లేకపోతే కొంపలు మునగవు."

అందరూ అవునన్నారు. బాజీ బాబాయి నా వైపు చూశాడు. తరగతి పెద్ద వద్దంటే ఆగుతుంది. నేను తాయారు వైపు చూశాను. అది ఒళ్లో తుడుపుకర్ర పెట్టుకుని, పరీక్ష ఫలితం చదవబోయే పిల్లలా నన్నే చూస్తోంది.

సరేనన్నాను.

5

తుమ్ములు: లేవు! హాజరు: అందరూ. ఛార్జి: నిండుగా.

తెరుచుకున్నాయి! మాస్టారి చేతులు ఎలా కదిలాయో ఇన్నయ్య చేతులూ అలాగే కదిలాయి. చివర్లో టీ వంతు పిల్ల "ఏవండీ, టీ!" అనగానే తాయారు కాళ్లకు పచ్చదీపం వెలిగింది. నమస్కారం లేదు, వినియోగదారులు లేదు. తాయారు లేచింది. ఒకసారి గెంతింది. గొంతుకూర్చుంది. ఆ తర్వాత ఎవరూ ఆపేలోగా బకెట్టు అందుకుని, మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కి వెళ్లిపోయింది. బకెట్టులో సగం నీళ్లు మా నెత్తిన పోసి మరీ.

సాయంత్రానికి గోడలు చల్లబడ్డాయి. పిల్లలు దుప్పట్లు అడిగారు. తాయారు నా పక్కన కూర్చుని రెండు సార్లు పెట్టించుకుని తింది. దాని ఆనందం చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఏందక్కా, ఘాటా?" అని ఆటపట్టించింది.

"ఘాటే" అన్నాను.

ఛార్జి దండిగా ఉంది కాబట్టి, రేపు పిల్లలకు బహుమానంగా అసలు వీడియో ఒకటి చూపిద్దామనుకుంటున్నాను. మూడో పాఠం. చిన్నది, నవ్వొస్తుందని మా అమ్మమ్మ చెప్పేది.

6

తుమ్ములు: లేవు. హాజరు: అందరూ.

ఛార్జి: నేనే తగలేశాను.

మూడో పాఠం వేశాను. మాస్టారు చకచకా ఒక యాప్ కట్టాడు. మేం నేర్చుకున్న సారానికీ దానికీ పొంతన లేదు. సారంలో బ్రాకెట్ చివర్న మూస్తాం, ఆయన ముందే మూసేశాడు. పిల్లలు "తప్పు, తప్పు" అని అరిచారు. నేను వాళ్లని కసిరాను. టీ అత్తమ్మ పిలిచింది, ఆయన వెళ్లాడు, ఫ్యాను తిరిగింది, కుర్చీ కిర్రుమంది, చేతులు మళ్లీ తెర మీదికొచ్చాయి.

"తాగారా? ఇప్పుడు ఇంతవరకూ చేసిందంతా చెరిపేయండి" అన్నాడు మాస్టారు. "కావాలనే తప్పు చేశాను. పనిచేస్తున్నట్టే ఉంటుంది, రెండో రోజుకి కూలబడుతుంది. అందరూ చేసే తప్పే, ముందు చేత్తో చేసి చూస్తే ఇంకెప్పుడూ చెయ్యరు. ఇక అసలు పాఠం."

పిల్లలు చప్పట్లు కొట్టారు, తప్పు పట్టుకున్నామని.

నేను నాలుగో పాఠం వేశాను. తర్వాత తొమ్మిది. తర్వాత ముప్పై. బాజీ బాబాయి వచ్చి ఛార్జి మొత్తం తగలేస్తున్నావేందమ్మా అన్నాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చూపించాను. ప్రతి పాఠంలోనూ అంతే. టీకి ముందు తప్పు, టీ తర్వాత ఒప్పు. మా పెద్దలు సారం కట్టేటప్పుడు తప్పులన్నీ ఏరి పారేసి ఒప్పుల్ని మిగిల్చారు. టీని మాత్రం ఉంచారు. ఎందుకు తాగుతున్నామో మరిచిపోయి ఇన్నేళ్లూ తాగుతూనే ఉన్నాం.

నలభయ్యో పాఠంలో మాకున్నది టీకి ముందుది.

బాజీ బాబాయి లేచి తెర ఆపేశాడు. తర్వాత, "చేతులు కాలినయ్. ఇప్పుడు ఆకులు ఎక్కడ వెతుకుతాం" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్నయ్యను పిలిచాను. కాళ్ల తాళం మళ్లీ తెరిచి, చేసింది వెనక్కి తీస్తానన్నాడు. దింపుడు కళ్లం ఆశ. వెనక్కి తీయడం ఎలాగో ఏ పాఠంలో ఉంది? టీ తర్వాతే ఉండి ఉంటుంది.

తాయారుకు చెప్పడానికి వెళ్లాను. పలకల దగ్గరి నుంచి అప్పుడే దిగి వస్తోంది, కూనిరాగం తీసుకుంటూ.

"తాయారూ, ఒక మాట" అన్నాను.

నా కన్నా ముందు కాళ్లు చెప్పేశాయి.

"ప్రియమైన వినియోగదారులకు నమస్కారం. ఈ పరికరంలో అనుమతి లేని చేయి పడినట్టు గుర్తించాము. భద్రత కోసం రేపు సూర్యాస్తమయం తర్వాత పరికరం శాశ్వతంగా నిలిపివేయబడుతుంది. దయచేసి ఈలోగా మీకు సౌకర్యంగా ఉండే భంగిమను ఎంచుకోండి. మీతో ఇంతకాలం నడిచినందుకు ధన్యవాదాలు."

7

తుమ్ములు, హాజరు రాయను ఈరోజు.

పొద్దుటి నుంచి జనం సలహాలు. నిలబడే ఉండిపొమ్మని కొందరు, గోడకానించి పడుకోబెట్టొచ్చంటారు. కూర్చోమని కొందరు, మోయడం తేలికట. మంచి మనసుతోనే చెప్పారు. అయినా ఒక్కొక్కళ్లనీ గొంతు పిసకాలనిపించింది. ఇన్నయ్య పొద్దున నుంచీ ఆ కాళ్ల ముందు కూర్చుని ఏదో ఒకటి నొక్కుతూనే ఉన్నాడు. నొక్కినప్పుడల్లా నమస్కారం.

చివరికి తాయారే వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇక చాల్లే ఇన్నయ్యా. దణ్ణాలు పెట్టించుకుని పెట్టించుకుని దేవతనైపోయేట్టున్నా."

వాడు ఏడ్చేశాడు.

నేను దాని ముందు కూలబడి చెప్పాను. నేను వద్దని ఉంటే మెట్లు లేకపోయినా నడక ఉండేది, ఎన్నాళ్లో కొన్నాళ్లు ఉండేది, సరేనన్నది నేనే అని.

"నేనూ నీ మొహం చూస్తా కూచున్నా గదా, సరేనంటావని. నువ్వు వద్దనుంటే నేను నీతో ఈ జన్మలో మాట్లాడేదాన్ని కాదు" అంది. "ఏడవమాక. బాబాయ్‌ని ఆ బస్తాల ట్రాలీ తెమ్మను."

మిర్చి బస్తాలు తోసే పాత ట్రాలీ. బాజీ బాబాయి చక్రాలకు నూనె వేసి తెచ్చాడు. తాయారు దాని మీద కూర్చుని, కాళ్లు ఎంత వంగాలో, మడమలు ఎక్కడ ఆనాలో చూసుకుంది. చెప్పులు కొనేవాళ్లలా అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత లేచి, "దీన్ని పైకి చేర్చండి" అంది.

"పైకెందుకే?" అన్నాను.

"పైనంతా చదును. మెట్టనేది లేదు. కర్రతో తోసుకుంటా పలకలన్నీ తిరగొచ్చు. ఎండ ముదిరితే ఆ పనిచెయ్యని లిఫ్టు గదిలో ఉంటా, చల్లగాలి గొట్టం అందులోంచే గదా పోయేది."

"కిందికెట్టా వస్తావ్?"

"రాను. కిందుంటే మంచినీళ్లకి కూడా నన్ను మొయ్యాలి మీరు. పైనుంటే మీరే ఎక్కి రావాలి." నా వైపు చూసి నవ్వబోయింది గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. "అక్కా, నాకు భయంగా ఉంది."

నాకూ భయంగానే ఉంది. అదే చెప్పాను. ఇంకేం చెప్పను? ముప్పైతొమ్మిది పాఠాలు వచ్చినదాన్ని, ఊరందరి తలుపులూ తెరిచే యాప్ నా చేత్తో రాసినదాన్ని, నా చెల్లెలి మోకాలు రేపు వంగేలా చెయ్యలేను.

పొద్దు వాలుతుండగా ఎక్కింది. చెయ్యి ఇవ్వబోతే వద్దంది. ఈసారి రెండేసి చొప్పున కాదు, ఒక్కో మెట్టే. ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, కాసేపు నిలబడి, తర్వాతిది ఎక్కింది. వెనకాల మేమంతా నిలబడిపోయాం. తుమ్మొచ్చినవాళ్లు కూడా ఆపుకున్నారు.

పైన కాసేపు పలకల మధ్య అటూ ఇటూ నడిచింది. ఒకసారి ఊరికే పరిగెత్తింది, గోడ దాకా వెళ్లి వెనక్కి. తర్వాత ట్రాలీ మీద కూర్చుని, మడమలు సరిచూసుకుని, పావడా మోకాళ్ల మీదికి సర్దుకుంది. సూర్యుడు దిగిపోయాడు. పచ్చదీపం ఆరింది. అంతకన్నా ఏమీ జరగలేదు. చప్పుడు కూడా లేదు.

తాయారు తన మోకాలు మీద వేళ్లతో కొట్టి చూసింది, తలుపు కొట్టినట్టు.

8

తుమ్ములు: లేవు. హాజరు: అందరూ, పైకప్పు మీద. ఛార్జి: నిండుగా.

ఇకమీదట తరగతి పైనే. సాయంత్రం గాలి తిరిగాక పిల్లలు రాసుకునే పలకలు మోసుకుని ఎక్కి వస్తున్నారు, ముసలివాళ్లు ఆయాసపడుతూ వస్తున్నారు. తాయారు ట్రాలీ మీద వరసల వెంట తిరుగుతూ, ఎవరి గ్లాసు నీడ పలక మీద పడ్డా కర్రతో పొడుస్తోంది. కొత్త గుడ్డ బాగా తుడుస్తోంది. కింద దుప్పట్లు చాలటం లేదు.

ఈరోజు అది నలభయ్యో పాఠం వెయ్యమంది. నేను వెయ్యనన్నాను. దాన్ని చెరిపేద్దామనే అనుకున్నాను, నిజానికి.

"వెయ్యక్కా. నా కాళ్ల పాఠం నేను చూడొద్దా?" అంది.

వేశాను. ఆ రెండు చేతులూ వచ్చాయి. నింపాదిగా, ఎంతో నమ్మకంగా, చెయ్యకూడనిదంతా వరసగా చేసి చూపించాయి. ఇన్నయ్య తల దించుకున్నాడు. టీ వంతు పిల్ల లేవలేదు. టీ అత్తమ్మే పిలిచింది. "ఏవండీ, టీ!"

"వస్తున్నానే" అన్నాడు మాస్టారు. కుర్చీ కిర్రుమంది. కాసేపు ఫ్యాను తిరిగింది. తెర నల్లబడింది.

అలవాటు ప్రకారం అందరం గ్లాసులెత్తి తాగాం. తాగేశాక దించాలి, దీనికి మిగతా సగం లేదు గనక దించితే తరగతి అయిపోయినట్టు. ఎవరూ దించలేదు. తాయారు రెండు చేతుల మధ్య గ్లాసు పట్టుకుని ఆ నల్లటి తెరనే చూస్తోంది.

"అక్కా, ఆయన టీ ఎంతసేపు తాగుతాడంటావ్?"

"వస్తాడులే" అన్నాను.

చీకటి పడింది. ఖాళీ గ్లాసులు పట్టుకుని అలాగే కూర్చున్నాం.